కప్పు విప్పితే ఎవరో పోయినట్టే

మొన్న మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నా మనవరాలు జపాన్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడు మధ్యాహ్నం రెండూ నలభై. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో సమయం రాసుకున్నాను. ఎవరు ఫోన్ చేసినా అలా రాసుకోవడం నాకు అలవాటు. బతుకంతా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఆ అలవాటు పోలేదు. పిల్ల ఆఫీసు పని మీద నెలరోజులకని వెళ్ళింది. నేను న్యూ టౌన్‌లో, తొమ్మిదో అంతస్తులో, బాల్కనీ పక్క కుర్చీలో కూర్చుని మెంతికూర వలుస్తున్నాను.

"అమ్మమ్మా, దేఖో! ఇవాళ నాకు సెలవు. నిన్ను బజారుకి తీసికెళ్తున్నా. కూర పక్కన పెట్టు," అంది.

ఫోను ముందుకు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. అదొక సన్నటి వీధి. మోటారు బళ్ళు లేవు. రెండు వైపులా చిన్న చిన్న కొట్లు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, రైల్వే ప్లాట్‌ఫారానికి వేసినట్టు, ఎత్తుగా ఒకటే కప్పు. పాలరంగు పలకల్లోంచి వెలుతురు గుడ్డలో వడకట్టినట్టు దిగుతోంది. గుమ్మాలకు సగం దాకా నీలం గుడ్డలు వేలాడుతున్నాయి. ఒక ముసలాయన బొగ్గుల మీద బియ్యపుపిండి బిళ్ళలను ఒక్కొక్కటే తిప్పి కాలుస్తున్నాడు. పక్కన గొడుగుల కొట్టు. దాని పక్కన చెక్కపెట్టెల్లో కుప్పలుగా పోసి ఎండుచేపలు.

"ఆగు, ఆగు. అవి నెత్తళ్ళు కావూ?"

"వాటికి ఇక్కడేదో పేరుందిలే. అవునమ్మా, నెత్తళ్ళే!"

"వాసన ఎలా ఉందే?"

"ఫోన్లో వాసన ఎలా చెప్తారు అమ్మమ్మా! చేపల వాసనలాగే ఉంది."

అప్పుడు ఎక్కడో మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పిల్ల ఫోను పైకెత్తింది. కప్పు నడిమధ్యకు చీలి, రెండు వైపులా మెల్లగా జారుకుంటూ పోతోంది. ఎండ వచ్చి వీధిలో పడింది. ముసలాయన బొగ్గులూ, గొడుగుల అంచులూ, చేపల వెండి రంగూ ఒక్కసారిగా మెరిశాయి.

నేను ఆలోచించి అన్న మాట కాదది.

"ఎవులు పోనారే?" అన్నాను.

"కీ? ఎవరు పోవడమేంటి?"

"కప్పు ఇప్పుతున్నారు కదే."

"వాన లేదని ఇప్పారు అమ్మమ్మా. బటన్ నొక్కితే తెరుచుకుంటుందట. ఎండ కాస్తే రోజూ ఇంతేనట," అని పకపకా నవ్వింది. తర్వాత నా మొహం చూసిందేమో, నవ్వు ఆపేసింది. "ఏమైంది?"

"ఏమీ లేదు. పొయ్యి మీద కూర మాడుతోంది," అని పెట్టేశాను. కూర ఇంకా పొయ్యి ఎక్కనే లేదు.

నా చిన్నప్పుడు మేము ఇదే ఊళ్ళో, గంగ ఒడ్డున ఓడరేవు పక్కన, వాట్‌గంజ్‌లో ఉండేవాళ్ళం. నాన్న డాకులో క్రేను దగ్గర ఖలాసీ. రెండు పాత గోదాముల ఇటుక గోడల మధ్య ఒక సందు, అందులో ఇరవై రెండు కొట్లు. ఒక చివర డాకు గేటు, ఇంకో చివర ట్రాము రోడ్డు. కొట్ల వెనక గదుల్లోనే మా కాపురాలు. ఆ సందుకు కప్పు ఉండేది. ఓడల్లో సరుకు మీద కప్పే మందపాటి గుడ్డను త్రిపల్ అంటారు. అది పాతబడితే డాకువాళ్ళు తీసేసేవారు. ఆ ముక్కలను కలిపి కుట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్ళతో బిగించి కట్టిందే మా కప్పు.

దాన్ని కుట్టింది మా మామ్మ. మామ్మంటే నాన్నగారి అమ్మ. భీమిలి వైపు నుంచి తాతతో వచ్చిందట. తాత పోయాక త్రిపల్‌లు కుట్టి బతికింది. ఆమె కొట్టంటే నాలుగడుగుల అరుగు. అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చుని, పురికొసకు మైనం రాసి, దబ్బనంతో కుట్టేది. దబ్బనాన్ని నెట్టడానికి కుడి అరచేతికి తోలుముక్క కట్టుకునేది. ఆమెను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది మొహం కాదు, వాసన. తారు, అవిసెనూనె, మైనం, తడిసి ఆరిన జనుము. దుప్పటి కప్పుకుని ఆమె పక్కన పడుకుంటే ఓడలో పడుకున్నట్టుండేది.

ఎదురు కొట్టు ఎండుచేపల అత్తది. మాకు చుట్టమేమీ కాదు, కళింగపట్నం మనిషి. ఆ సందులో తెలుగు మాట్లాడే ఆడవాళ్ళందరూ మాకు అత్తలే. రోజూ కొట్లు తెరవగానే ఇద్దరికీ మొదలయ్యేది.

"నీ తారు కంపుకి నా చేపలు కొనీవోలు నేకుండా పోతన్నారే ముసిల్దానా!"

"నీ చేపల కంపుకి నా తారే ముక్కు మూసుకుంటంది. గంపలకి మూతలెట్టుకోయే!"

పక్కనున్న గుండీల దాదా బెంగాలీవాడు. గుండీలు, రిబ్బన్లు, జరీ అంచులు అమ్మేవాడు. మామ్మ అతనికి మాషీ, అంటే పిన్ని; అత్త దీదీ. మధ్యలో దూరి, "మాషీ, దీదీ, పొద్దున్నే ఝగ్‌డా వొద్దు. నా కస్టమర్ పారిపోతాడు," అనేవాడు. మా వాళ్ళ నోటి నుంచే తెలుగు పట్టుకున్నాడు కనుక అతనికి మా యాసే వచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి అత్త బొగ్గుల మీద చేప కాల్చేది. మామ్మ చింతకాయ పచ్చడి తీసేది. ఒకే పళ్ళెంలో చద్దన్నం కలుపుకుని ఇద్దరూ తినేవారు. నాకు చేప తోక ఇచ్చేవారు. కరకరలాడే ఆ తోక రుచి తర్వాత ఏ చేపలోనూ దొరకలేదు.

పిల్లలం సందు మధ్యలో వెల్లకిలా పడుకుని కప్పు చదివేవాళ్ళం. త్రిపల్ ముక్కల మీద ఓడల పేర్లలోని అక్షరాలు సగం సగం ఉండేవి. ఒక ముక్క మీద తలకిందులైన ఏ, ఇంకో ముక్క మీద సగం ఎస్. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది అలాగే. బడిలో మొదటి రోజు ఏ అక్షరాన్ని తలకిందులుగా రాసి దెబ్బలు తిన్నాను. ఇంకో ఆట ఉండేది. వెదురుకర్రతో ఎవరూ చూడకుండా కప్పుకు బొక్క పెట్టేవాళ్ళం. కింద రూపాయి బిళ్ళంత ఎండ పడేది. దాని మీద ఎవరు నిలబడాలని కొట్టుకునేవాళ్ళం. మామ్మ అదే సాయంత్రం నిచ్చెన వేసుకుని ఆ బొక్కకు మాసిక వేసేది. ఎవరు చేశారని అడిగేది కాదు. "ఇంకోపాలి పొడిసినారంటే ఈ మాసిక మీ లాగులకే కుడతాను," అని మాత్రం అనేది.

ఎందుకు కొట్టుకునేవాళ్ళమంటే, ఆ సందులో ఎండ ఉండదు. పొద్దున కొట్టు తెరిచిన మనిషి దీపాలార్పే దాకా ఆ కప్పు కిందే ఉండేవాడు. అందుకే అక్కడొక ఆనవాయితీ ఉండేది. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు, నేను పుట్టేసరికే ఉంది. సందులో ఎవరైనా పోతే, శవం ఇల్లు కదిలే ముందు కప్పు మొత్తం విప్పేవారు. హిందువులైనా, సాయిబులైనా, మాలాంటి క్రైస్తవులైనా అంతే. "రోజంతా కప్పు కిందే బతికిన మనిషి. ఎల్లిపోయినప్పుడైనా ఆకాశం కింద ఎల్లాల," అనేది మామ్మ. వాన పడుతున్నా విప్పేవారు. సరుకు మీద గోనెలు కప్పేవారు.

విప్పించేది మామ్మే. సందు మధ్యలో నిలబడి అరిచేది: "ముందు గోదాం గోడ వేపు! తాడు కొయ్యకండర్రా, ఇప్పండి! బేగి, బేగి!" త్రిపల్ చుట్ట చుట్టుకుంటూ పోయేది. ఎండ ట్రాము రోడ్డు చివర మొదలై ఒక్కో కొట్టూ దాటుకుంటూ వచ్చేది. గుండీల దాదా సీసాల్లోని గుండీలు రంగురంగులుగా మండేవి. అత్త చేపలు అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టుండేవి. దుమ్ము బంగారంలా తేలేది. శవం వెనక పెద్దవాళ్ళంతా వెళ్ళిపోయాక, సాయంత్రం కప్పు మళ్ళీ కట్టే దాకా, ఆ ఎండంతా పిల్లలదే. మేము గంతులేసేవాళ్ళం. "సచ్చిపోనింటి ముందు నవ్వులేటే, సిగ్గు నేదా!" అని అమ్మ వీపు మీద ఒకటి వేసేది.

ఒకసారి సాయంత్రం కప్పు కడుతుంటే నేను మామ్మ కొంగు పట్టుకుని అడిగాను.

"మామ్మా, మళ్ళీ ఎప్పుడిప్పుతారు?"

నిచ్చెన పట్టుకున్న నాన్న నన్ను కొట్టబోయాడు. మామ్మ అడ్డం వచ్చింది. నవ్వుతోంది.

"దాన్నేటీ అనకు. ఒసే గుంటా, నా కోసం ఇప్పుతార్లేయే. ఆ పూట ఎండంతా నీకే. కడుపు నిండా ఆడుకో." తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఒరే, మొత్తం ఇప్పాల. సగం ఇప్పీసి సరే అనీకండి."

"అలాగేనే," అన్నాడు నాన్న.

నేను చెప్పదలుచుకున్న సంగతి నాకు పదేళ్ళు నిండిన ఏడాది వానల్లో జరిగింది. ఆ వేసవిలో వచ్చిన గాలివానకు కప్పు నిలువునా చిరిగింది. చీరల కొట్టు సరుకు తడిసి రంగులు కలిసిపోయాయి. కొట్లవాళ్ళంతా కూర్చుని, ఈ కుట్లూ మాసికలూ చాలు, రేకులు వేయిద్దాం అనుకున్నారు. పెద్దరికం గుండీల దాదాది. అందరికీ సంతోషమే. మా అమ్మకైతే మరీను. వానాకాలమంతా గది తుడిచి తుడిచి ఆమె నడుం పోయేది. మామ్మ ఒక్కతే దాదా కొట్టు ముందు నిలబడింది.

"దాదా, రేకు ఎలాగ ఇప్పుతావు?"

"మాషీ, ఇంక వాన నేదు, తడి నేదు. ఇప్పే పనేటి?"

"సచ్చిపోవడం కూడా నేదేటి?"

దాదా గట్టిగా నవ్వాడు. మామ్మ నవ్వలేదు. "నా కొట్టు దగ్గిర ఒక్క రేకైనా ఊడొచ్చీలాగ పెట్టించు బాబూ," అంది. సరే సరే అన్నాడు. చెప్పాడో, మరిచిపోయాడో. రేకులు వేసేవాళ్ళు వచ్చి, మేము బడి నుంచి వచ్చేలోపల, అన్నిటికీ రివెట్లు కొట్టేసి పోయారు. కప్పు మీద ఒక్క అక్షరం లేదు. పాత త్రిపల్‌ను ముక్కలు చేసి సరుకు బళ్ళవాళ్ళు పట్టుకుపోయారు.

మామ్మ ఆ తర్వాత కూడా అరుగు మీద కూర్చునేది. సరుకు బళ్ళ మీద కప్పే గుడ్డలకు చిన్న చిన్న కుట్లు వేసేది. వాన మొదలైంది. త్రిపల్ మీద వాన పడితే ఎవరో పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. రేకు మీద పడితే ఒకరి మాట ఒకరికి వినిపించదు. అత్తా మామ్మా పొద్దున తిట్టుకోవడం కూడా తగ్గింది. చెవులు పగిలే చప్పుడులో ఎంతని అరుస్తారు? భాద్రపదంలో మామ్మకు జ్వరం పట్టుకుంది. నాన్న డ్యూటీ నుంచి రాగానే మంచంలోంచి ఒకటే అడిగేది.

"ఆ రేకు సంగతి అడిగినావేట్రా?"

"అడుగుతాన్లేయే. ముందు నువ్వు నేచి కూకో."

నాన్న అడగలేదు. మేము అద్దెకున్నవాళ్ళం, ఆయన నెమ్మదస్తుడు. పైగా అడిగితే నిజమైపోతుందని భయపడ్డాడనుకుంటాను.

ఒక శుక్రవారం ఉదయం ఏడున్నరకు మామ్మ పోయింది. బయట నాలుగో రోజు వాన. దుర్గాపూజకు ఇంకా పదిహేను రోజులుంది. ప్రతి కొట్టులోనూ పూజ సరుకు కప్పు దాకా పేర్చి ఉంది.

నాన్న గుండీల దాదా దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. దాదా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏడ్చి ఉన్నాడు.

"భాయ్, మాషీ నాకూ మాషీయే. కానీ రివెట్ కొట్టిన రేకు. ఒకటి లేపితే పక్కది కదులుతుంది. ఈ వాన చూడు. పూజ సరుకు అందరూ అప్పు చేసి తెచ్చినారు. నువ్వే చెప్పు, ఏటి చెయ్యాల?"

చుట్టూ కొట్లవాళ్ళు తలలు దించుకుని నిలబడ్డారు. అందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఆ తర్వాత నేను ఎన్నోసార్లు మళ్ళీ మొదటి నుంచి ఆలోచించి చూశాను. దాదాది తప్పని తేలలేదు, నాన్నది తప్పని తేలలేదు.

లోపల మామ్మ తల దగ్గర కూర్చున్న ఎండుచేపల అత్త అప్పుడు లేచి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది.

"ఏటిరా మీ ఆలోచనలు? నాకు పూజ సరుకు నేదు. నా కొట్టు మీద రేకు ఊడదీయండి."

"దీదీ, నీ చేపలు..."

"తడిస్తే తడవనీ! ఇరవయ్యేళ్ళు దాని తారు కంపు బరించినాను. ఇయాల దాని వాన బరించలేనేటి?"

గంపలను పక్క కొట్లలోకి జరుపుదామని చూశారు. కొత్త చీరల పక్కన ఎండుచేపలు ఎవరు పెట్టుకోగలరు? ఉన్న గోనెలు కప్పారు. నాన్నతో పనిచేసే ఖలాసీలు ఉలులూ గడ్డపారలూ తెచ్చి పైకెక్కారు. రివెట్లు ఒక్కొక్కటే కొట్టి, రేకు లేపి పక్కకు తోశారు. వాన ధారగా అత్త కొట్టు మీదా, దాని ముందున్న నేల మీదా పడింది.

మూడు గంటలకు మామ్మను పెట్టెలో పెట్టి బయటికి తెచ్చారు. రేకుల కింద అందరూ కీర్తన పాడారు. నాకు నోళ్ళు కదలడం కనిపించింది, పాట వినపడలేదు. ఆ ఖాళీ కింద రెండు బల్లలు వేసి పెట్టె దించారు. చివరి చూపుకని మూత తీశారు. అయ్యగారు, మా చర్చి పాస్టరు, గబగబా గొడుగు విప్పి మామ్మ మొహం మీద పట్టబోయాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నాన్న అయ్యగారికి ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"వొద్దయ్యగారూ. తడవనీయండి."

వాన మామ్మ నుదుటి మీద, రెప్పల మీద, దబ్బనం నెట్టి నెట్టి కాయగాసిన కుడి అరచేతిలో పడింది. అరచేతి గుంటలో నీళ్ళు నిలిచాయి. అత్త ఆమె చెవి దగ్గర వంగి, వాన చప్పుడు మీద గొంతు పెంచి, "సగమేనే ముసిల్దానా. తిట్టుకో, నాను పడతాను," అంది.

నేను పైకి చూస్తున్నాను. ఒక రేకంత మబ్బు. బూడిద రంగు. మామ్మ ఇస్తానన్న ఎండ ఎక్కడైనా ఉందేమోనని, పెట్టె లేపి నడిపించుకుపోయినా నేను మెడ దించలేదు. ఎండ రాలేదు. ఆ పూట పిల్లలం ఎవరమూ ఆడలేదు. ఆడుకోవద్దని ఎవరూ అనలేదు కూడా.

ఎండుచేపకు ఒకసారి తడి తగిలితే ఇక అంతే. మూడో రోజుకు పురుగు పట్టింది. మూడు గంపలు అత్త తనే మోసుకెళ్ళి గంగలో పారబోసింది. నాన్న ఏదో చెప్పబోతే, "నోర్ముయ్యిరా, అది నాకూ దానికీ మద్దెన," అంది. రేకును మళ్ళీ బిగించారు, కానీ పాత బొక్కలు పూడలేదు. ప్రతి వానకూ సరిగ్గా అక్కడే కారేది. దాదా బాగు చేయిస్తానంటే అత్త వద్దంది. కింద బొక్కెన పెట్టుకుంది. మొదటి చుక్క టంగుమని పడగానే ఎదురుగా ఖాళీగా ఉన్న అరుగు వైపు తిరిగి, "వొచ్చీసింది ముసిల్ది, నా చేపల మీద పడ్డానికి," అని తిట్టడం మొదలుపెట్టేది. కాసేపు ఆగేది. జవాబు కోసం ఆగినట్టుండేది.

తర్వాత గోదాములు పడగొట్టారు, వాటితో సందూ పోయింది. గుండీల దాదా ఎటు వెళ్ళాడో తెలియదు. అత్త షాలిమార్‌లో రైల్వే క్వార్టర్సులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళి అక్కడే పోయింది. నేను వెళ్ళాను. అక్కడ కప్పు సంగతి ఎవరికీ తెలియదు. నాన్న ఆస్పత్రిలో పోయాడు, కారిడారుల గుండా తీసుకొచ్చి బండి ఎక్కించారు. నన్ను ఈ తొమ్మిదో అంతస్తు నుంచి లిఫ్టులో దించుతారు. లిఫ్టు నుంచి గేటు దాకా పోర్టికో ఉంది. కొలిచి చూశాను, ఎక్కడా ఖాళీ లేదు.

మంగళవారం సాయంత్రం పిల్ల మళ్ళీ ఫోన్ చేసింది. "కూర మాడలేదు, నాకు తెలుసు. ఎవరు పోయారు, చెప్పు," అంది. చెప్పాను. చివర, "మీ మామ్మ కోసం మళ్ళీ ఎప్పుడూ ఇప్పలేదా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను.

బుధవారం పదకొండూ ఐదుకు మళ్ళీ మోగింది. తెర నిండా పాలరంగు కప్పు. ఫోను అక్కడి బెంచీ మీద వెల్లకిలా పెట్టిందట. మోటారు చప్పుడైంది. కప్పు చీలి, జరిగి జరిగి పూర్తిగా పోయింది. తెరంతా ఆకాశమే, ఒక్క మబ్బు లేకుండా. ఎక్కడో పిల్లలు కేకలు వేస్తూ పరిగెడుతున్నారు.

"చూస్తున్నావా అమ్మమ్మా? ఎవరూ పోలేదు. ఊరికే ఎండ."

ఆ రోజు గడిలో సమయం రాసుకోవడం మరిచిపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. దాని కింద, పోయినవి కూడా.

ఒక సందు. ఇరవై రెండు కొట్లు. ఒక త్రిపల్ కప్పు, దాని మీది సగం సగం అక్షరాలతో సహా. దాన్ని కుట్టిన మనిషి. ఆమెను తిట్టిన మనిషి. మూడు గంపల ఎండుచేపలు. ఇస్తానన్న ఒక పూట ఎండ.